పెట్టెలో దాచిన అచ్చులు

ఊరి జనాన్ని ఎవరైనా ఆడిపోసుకుంటే పరిమి సోమశేఖరం గారికి ఒళ్లు మండేది. బందరులో ఆయన దగ్గర హరికథ నేర్చుకున్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, ఒక్క కొండలరావుకి తప్ప. నలభయ్యో పడిలో పడినా గురువుగారి ముఖం చూసి మాట్లాడడం అతనికి అలవాటు కాలేదు. ఆ వేళ వచ్చీ రాగానే చతికిలబడి, "జనానికి చెవుల్లేవండీ. ఇన్నేళ్ల సాధనకి ఒక్కడూ విలువ కట్టడం లేదు. ఎందుకంటారు?" అన్నాడు.

గురువుగారికి విసుగొచ్చింది. కిందటి వారమే పెడనలో వెనక వరసలో కూర్చుని అతని కథ విన్నారాయన. ఇంట్లో పాడుకునేటప్పుడు పక్కింటివాళ్ల చేత కూడా కంటతడి పెట్టించే సీతమ్మ శోకాన్ని, వీళ్లకిది చాల్లే అన్నట్టు నాలుగు ముక్కల్లో తేల్చేసి మంగళం పాడేశాడు. ఆ మాట ఎత్తితే వాదనకి దిగుతాడు, తెల్లారేదాకా వదలడు. అందుకని, "మన వలందపాలేనికి ఆ పేరు తెచ్చిన వలందులున్నారే, ఆ డచ్చివాళ్ల దేశంలో సంగతి ఒకటి చెబుతాను, విను" అని మొదలుపెట్టారు.

హార్లెం అనే ఊళ్లో యోస్ట్ అని ఒక పనివాడుండేవాడు. రాగిరేకు మీద సన్నని ఉలితో బొమ్మ చెక్కి, గీతల్లో సిరా నింపి, కాగితాల మీద అచ్చులు తీసేవాడు. తనవీ, ఇతర పనివాళ్లవీ కలిపి బొమ్మల దుకాణం నడిపేవాడు. రాగి మెత్తన కదా, మొదట తీసిన అచ్చుల్లో మబ్బులు కదిలినట్టే ఉంటాయి. తీయగా తీయగా గీతలు అరిగి బొమ్మ వెలిసిపోతుంది. యోస్ట్ ఆ మొదటి అచ్చుల్ని చచ్చినా అమ్మేవాడు కాదు. "ఇవి చూడ్డానికి కళ్లుండాలి" అని పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడు. అరిగిన రేకు మీద తీసినవాటిని దుకాణంలో వేలాడదీసేవాడు. భార్య గ్రీట్‌కి ఇది చూసీ చూసీ ప్రాణం విసిగింది. "ఊళ్లోవాళ్లకి చూపించరు. మరి ఎవరికోసమండీ ఈ దాపరికం, చెదపురుగులకా?" అనేది. ఆయన వింటేగా!

ఇలా ఉండగా, తమ నగరం బొమ్మని పెద్ద రేకు మీద చెక్కించి నాలుగు దేశాలకీ పంపాలని ఊరి పెద్దలు తలపెట్టారు. యోస్ట్ జన్మంతా ఎదురుచూసిన పని అది. తనకి గాక ఇంకెవరికిస్తారని ధీమాగా ఉన్నాడు. వాళ్లు మరొకరికి ఇచ్చారు. ఆయన మండిపడి, పెట్టె నెత్తిన పెట్టుకుని పెద్దల్లోకెల్లా పెద్దాయన ఇంటికి బయలుదేరాడు. ఈయన అక్కడేం రభస చేస్తాడోనని గ్రీట్ వెంటపడింది.

పెద్దాయన అచ్చుల్ని కిటికీ దగ్గర పరుచుకుని ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూశాడు. చివరికి, "ఆహా, ఎవరిదయ్యా ఈ చెయ్యి?" అన్నాడు.

"ఎవరిదేమిటండీ, నాదే!"

పెద్దాయన నవ్వాడు. "మీ చెయ్యి మాకు తెలీదా? ఇదే బొమ్మ మీ దుకాణంలో కొని గోడకి తగిలించుకున్నాం కదా. ఎవరో మహానుభావుడు చెక్కినదాన్ని ముందు పెట్టుకుని మీరు నకలు చెక్కారన్నమాట. పోనీ, అందులో తప్పేముంది?"

"నకలా! దాని కింద నా పేరుంది చూడండి!"

"పేరు చెక్కుకోవడం ఎంతసేపు?"

యోస్ట్‌ గుమ్మందాకా పరుగెత్తి, ఇప్పుడే రేకు తెచ్చి కళ్లముందు అచ్చు తీస్తానన్నాడు. గ్రీట్ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ రేకులో ఇంకేం మిగిలిందని తీస్తారు?" అంది. కోపంతో మొదలుపెట్టిన మాట ఏడుపులోకి దిగింది.

పెద్దాయనకి జాలేసింది. అచ్చుల్ని భద్రంగా పెట్టెలో సర్ది ఆయన చేతికిస్తూ, "ఈ పనివాడు ఎక్కడుంటాడో చెప్పండి బాబూ. ఇచ్చినవాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకునైనా ఆ పని ఆయనకే ఇప్పిస్తాను" అన్నాడు.

గురువుగారు ఆగారు. కొండలరావు నిట్టూర్చి, "చూశారా, అక్కడా అంతే. పెద్దాయనైతే మాత్రం కళ్లున్నాయా పాపం!" అన్నాడు.

సోమశేఖరం గారు నెత్తి కొట్టుకోబోయి, ఎత్తిన చేతిని దించుకున్నారు.

"రేపు కథ ఎక్కడన్నావు?"

"పెద్ద ఊరేం కాదండీ, గూడూరు అవతల చిన్న పల్లె."

"ఆహా. అయితే ఇంట్లో ఏం దాచిపెట్టి వెళ్తున్నావు?"