భూకంపం రాని రోజు

మణిగిరి అనే కొండరాజ్యంలో ఒకప్పుడు నేలకంటే మనుషులే ఎక్కువగా వణికేవారు.

దానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఏడాది అక్కడ భూకంపం వచ్చింది. రాజమాత తన గదిలో కప్పు కూలి నిద్రలోనే కన్నుమూసింది. అప్పటినుంచి కుంతలవర్మ మహారాజుకు ఒకటే బాధ. "ఒక్క పూట ముందు తెలిసుంటే అమ్మను చెయ్యిపట్టి బయటికి తెచ్చుకునేవాణ్ణి కదా" అని కనిపించిన ప్రతివాడితోనూ అనేవాడు. పాపం, ఆ మాటకు ఎవరు మాత్రం ఏం చెబుతారు?

చెప్పేవాడొకడు దొరికాడు. మార్తాండ సోమయాజి అనే పండితుడు పొరుగుదేశం నుంచి వచ్చి, భూకంపాన్ని ముందే చెప్పే విద్య తనకు ఉందన్నాడు. రాజు ఆయన్ను ఆస్థానంలో పెట్టుకుని, కోటమీద పెద్ద గంట కట్టించాడు. సోమయాజి వేలు చూపిస్తే గంట మోగాలి. గంట మోగితే ఊరంతా ఇళ్లు వదిలి మైదానంలోకి పరుగెత్తాలి. ఇంట్లో ఉండిపోయినవాడికి దేశబహిష్కారం.

గంట మోగని వారం లేదు. భూమి మాత్రం ఒక్కసారీ కదలలేదు. కదలనప్పుడల్లా సోమయాజి శాలువా సర్దుకుని, "నా జపంతో ఆపాను" అనేవాడు. రాజు చేతులు జోడించేవాడు. జనం ఇళ్లకు తిరిగొచ్చి మాడిన అన్నం తినేవారు.

ఆ ఆస్థానంలో వల్లభయ్య అనే చమత్కారి ఉండేవాడు. మొదట్లో అతనూ గంటమీద ఛలోక్తులు విసిరి జనాన్ని నవ్వించినవాడే. కానీ ఒకనాడు జోరువానలో గంట మోగింది. అతని కూతురు సుభద్ర అప్పటికి పురిటిమంచం దిగలేదు. భటులు తలుపు బాదితే, పసిగుడ్డును కొంగులో చుట్టుకుని వెళ్లి మైదానంలో తడుస్తూ నిలబడింది. తెల్లారేసరికి బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. వైద్యుడు వచ్చి చూసి, "ఇంకొక్కసారి చలిగాలి తగిలిందా, ఇక నా చేతుల్లో లేదు వల్లభయ్యా" అన్నాడు. ఆ సాయంత్రమే మళ్లీ గంట మోగుతుందని కోటలో చెప్పుకుంటున్నారు.

వల్లభయ్య తిన్నగా సభకు వెళ్లాడు. ఆరోజు అతని ముఖాన నవ్వు లేదు.

"సోమయాజిగారూ, భూకంపం వచ్చే గడియ తమకు తెలుస్తుంది కదా?"

"గ్రహాలు నాతో మాట్లాడతాయి."

"అయితే రాని గడియ కూడా తెలుస్తుందన్నమాట."

"తెలియకేం? సాయంత్రమే ముప్పు. అందాకా భూదేవి గాఢనిద్రలో ఉంటుంది. చీమంత కదలిక కూడా ఉండదు."

వల్లభయ్య రాజువైపు తిరిగాడు. "ప్రభూ, పాత సభామండపం కప్పులో ఒక రాతిపలక భూకంపానికి ఊడి వేలాడుతోంది. ఏడాదిగా అలాగే ఉంది. నేల కాస్త కదిలితే చాలు, పడిపోతుంది. సోమయాజిగారిని మధ్యాహ్నం దాకా దాని కింద కూర్చుని జపం చేసుకోమనండి. కూర్చుంటే, సాయంత్రం గంట మోగగానే నా కూతురినీ మనవడినీ నేనే వానలోకి మోసుకుపోతాను."

రాజు సోమయాజిని చూశాడు. సోమయాజి నడుంనొప్పి అన్నాడు. పీట వేయిస్తామన్నారు. మడి అన్నాడు. మండపం కడిగిస్తామన్నారు. చివరికి విసుగెత్తి, "బాగానే ఉంది, భూమి మనకు చెప్పి కదులుతుందా ఏమిటి?" అనేశాడు.

"ఆ ఒక్క మాట కోసమే వచ్చాను స్వామీ" అన్నాడు వల్లభయ్య.

సభ గొల్లుమంది. ఏడాదిగా నవ్వెరుగని రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. గంట దింపించమన్నాడు. సోమయాజికి ఊరిపొలిమేర చూపించమన్నాడు.

"వల్లభా, రేపే నీ ఇంటి తాటాకులు తీయించి రాతికప్పు వేయిస్తాను" అన్నాడు. ఆ రాజ్యంలో అంతకు మించిన మర్యాద లేదు. రాజు అనుగ్రహిస్తే తప్ప ఎవరూ ఇంటికి రాతికప్పు వేసుకోకూడదు.

"వద్దు ప్రభూ" అన్నాడు వల్లభయ్య. "నిరుడు భూకంపానికి మా కప్పంతా సుభద్ర మీదే పడింది. ఆకులు దులుపుకుని లేచి వచ్చింది."

అన్నాక గానీ నోరు జారిందని అతనికి తెలియలేదు. రాజు నవ్వు ఆగిపోయింది.

"అమ్మ గదికీ తాటాకే ఉండేది" అన్నాడు రాజు మెల్లగా. "రాజుగారి తల్లి ఆకుల కింద పడుకోవడమేమిటని నేనే తీయించి రాయి వేయించాను. అమ్మ వద్దంది. 'చల్లగా ఉంటుంది నాయనా, ఉండనీ' అంది. వినలేదు. ఇన్నాళ్లూ ముందు తెలియలేదనే ఏడుస్తున్నాను."

తన పాడు నోరు కాస్త మూసుకుని ఉంటే బాగుండేదని వల్లభయ్య బాధపడ్డాడు.

రాజు తన పట్టుశాలువా తీసి అతని చేతిలో పెట్టాడు. "బిడ్డకు కప్పు. ఇకమీద తల్లినీ బిడ్డనూ ఎవరూ మంచం మీదనుంచి లేపరు." వారం తిరక్కుండా బిడ్డ జ్వరం తగ్గింది.

ఆ వారంలోనే రాజు రాతిపనివాళ్లను పిలిపించి, ఊళ్లోని రాతికప్పులన్నీ దింపి తాటాకు వేయమన్నాడు.

"ఎవరింటితో మొదలుపెట్టమంటారు ప్రభూ?" అని వాళ్లు అడిగారు.

"నా పడకగదితో" అన్నాడు రాజు. "అమ్మ అడిగిన పని, నాకు చేయించుకుంటున్నాను."