యాంటెనా తిప్పేవాడి తీర్పు

ఉప్పరగిరి రాజు కంపరాయలికి ఒకనాడు నిండు సభలో, పకోడీ నములుతూ నములుతూ ఓ ధర్మసందేహం వచ్చింది.

"'గగననౌక'లో ఏ సిరీస్ గొప్పది?"

రాజుల కాలంలో టీవీ ఏమిటని అడ్డుతగలకండి. నిండు సభలో రాజు పకోడీ తింటున్నాడంటే నమ్మారు కదా, పక్కన టీవీ ఉందంటే నమ్మడానికేం నొప్పి?

సభలో అందరూ చూసేదే ఈ 'గగననౌక'. చుక్కల మధ్య తిరిగే ఓడ కథ అది. ముప్పై ఏళ్ళుగా నడుస్తోంది, నాలుగు సిరీసులయ్యాయి. మొదటిదాంట్లో కెప్టెన్ దిగిన ప్రతి గ్రహం మీదా ఎవరినో ఒకరిని తన్నేవాడు. ఆయన చెయ్యి తగిలితే కొండలు అట్టపెట్టెల్లా ఊగేవి, ఎందుకంటే అవి అట్టపెట్టెలే. రెండోదాంట్లో తన్నులు మానేసి ఉపన్యాసాలు మొదలుపెట్టారు. శత్రువులు తలనొప్పి భరించలేక లొంగిపోయేవారు. మూడోదాంట్లో ఓడ చెడిపోయి ఊరూపేరూ లేని గ్రహం మీద కూలబడింది. ఇక వంటలూ, అలకలూ, రిపేర్లూ. ఇప్పుడు నడుస్తున్న నాలుగోది అంతా చీకటే. ఎవరు ఏడుస్తున్నారో కనపడదు గానీ ఏడుపు మాత్రం వినపడుతుంది.

వ్యాఖ్యాన కేసరి భైరవభట్టు లేచాడు. ఆ బిరుదు ఆయనకు ఆయనే ఇచ్చుకున్నాడు. టీవీలో వస్తుండగా తానే రికార్డు చేసుకున్న మొదటి సిరీస్ కేసెట్లను పట్టుగుడ్డలో చుట్టి, ఏటా ఆయుధపూజకు పసుపూ కుంకుమా పెట్టి, అరిగిపోతాయని ముప్పై ఏళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని మహానుభావుడు.

"మొదటిదే సిరీస్, ప్రభూ! మిగతావి చెత్త. తమరి స్నానాల కాగు కింద పెట్టించండి, ఆ పనికైనా వస్తాయి."

"భేష్!" అన్నాడు రాజు. ఆయనకీ మొదటిదే ప్రాణం. "రేపటి నీళ్ళు ఆ కేసెట్లతోనే కాచండి."

రాణి లక్కమాంబ మొహం పాలిపోయింది.

"మూడోది కూడానా? కొత్త కోడలిగా ఈ కోటకి వచ్చినప్పుడు నాతో మాట్లాడే దిక్కు లేదు. తెలియని చోట చిక్కుకుపోయిన ఆ ఓడవాళ్ళే నాకు చుట్టాలు. వాళ్ళని తగలబెడతారా?"

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. రాజు సింహాసనంలో ఇబ్బందిగా కదిలాడు. కానీ నిండు సభలో అన్న మాట వెనక్కి తీసుకుంటే మీసం పరువేం కావాలి?

అంతలో గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చెంగల్రాయుడు. ముప్పై ఏళ్ళుగా మేడ మీద యాంటెనా తిప్పడమే అతని కొలువు. పైనుంచి "వచ్చిందా?" అని అరుస్తాడు. "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని కిందివాళ్ళు తిడతారు. నాలుగు సిరీసులూ అతని చేతుల మీదుగానే కోటలోకి వచ్చాయి. ఒక్కటీ అతను చూడలేదు.

"దేవరా, ఒక్క సందేహం."

"చూడనివాడికి సందేహమేమిట్రా?" భట్టు ఇకిలించాడు.

"చూడలేదు గనకే సామీ, చూసినోళ్ళను అడుగుతా ఉండేది. మొదటిదాంట్లో అన్నిటికన్నా గొప్ప భాగం ఏది?"

"ఆఖరి భాగం! ఈ సభలోనే, ప్రభువుల పక్కన కూర్చుని, ఈ రెండు కళ్ళతో చూశాను. కెప్టెన్ తన ఓడకి వంగి దణ్ణం పెడతాడు. కంట్లో ఒక్క చుక్క నీరు! ఆ వెలుగు, ఆ నీడ! అలాంటి దృశ్యం మళ్ళీ ఎవడైనా తీశాడా?"

"తీయలేదు!" రాజు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నేను వెక్కి వెక్కి ఏడ్చాను."

"బొమ్మ బాగా కనిపించిందా సామీ?"

"అద్దంలా!"

"అయితే దేవరా, ఆ కేసెట్టు పెట్టించండి. దాని గొప్పేందో చూస్తే అమ్మగారే ఒప్పుకుంటారు."

భట్టు "అరిగిపోతుంది ప్రభూ" అంటూనే ఉన్నాడు. పట్టుగుడ్డ విప్పారు. కుంకుమ దులిపారు. కేసెట్ తిరిగింది.

తెర నిండా చుక్కలు. బుస్సుమని చప్పుడు. ముందుకు తిప్పారు, చుక్కలే. చివరిదాకా తిప్పినా చుక్కలే.

"ఇది వేరే కేసెట్!" అన్నాడు భట్టు.

"అట్ట మీద రాత మీదే సామీ," అన్నాడు చెంగల్రాయుడు. "ఆ సాయంత్రం యాంటెనా మీదికి కోతి ఎక్కింది దేవరా. ఆట అయ్యేదాకా దాంతో నాకు కుస్తీ. 'వచ్చిందా' అంటే 'రాలేదు, రాలేదు' అని అర్ధగంట కేకలు. అన్నిటికన్నా పెద్ద గొంతు భట్టుగారిదే."

సభ గొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది.

"మరి నేను ఏడ్చానే!"

"ఏడ్చిన మాట నిజమే దేవరా. బొమ్మ రాలేదని ఏడ్చినారు. మేడ మీదికి వినిపించింది."

రాజు లేచి నిలబడ్డాడు.

"ఆ కెప్టెనూ, ఆ దణ్ణమూ నాకింకా కళ్ళకు కట్టినట్టున్నాయి. కథ ఎవరో చెప్పి ఉంటారు, సరే. మరి ఇన్నాళ్ళూ నేను తలుచుకుని మురిసిపోయిందేమిట్రా?"

చెంగల్రాయుడు చేతులు కట్టుకున్నాడు.

"తమరి పన్నెండో ఏడు, దేవరా."

రాజు మెల్లగా మళ్ళీ సింహాసనంలో కూలబడ్డాడు.

"అమ్మగారు దాచుకున్నది కొత్త కాపురం. ఇప్పటి పిలకాయలకు ఆ చీకటి ఏడుపే రేపు బంగారమవుతాది. వీటిలో ఏది కాగు కింద పెట్టమంటారో చెప్పండి, పెడతా."

రాజు రాణి వైపు చూశాడు. మూతి బిగించాడు, మీసం వణికింది, ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. రాణి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"నీళ్ళు కట్టెలతోనే కాచండి!" అంటూ రాజు చేతి కడియం తీసి చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఈ పూట కింద కూర్చుని ఒక్క భాగం చూస్తా దేవరా."

"మరి యాంటెనా?"

సభ మొత్తం తలతిప్పి భట్టు వైపు చూసింది.

ఆ సాయంత్రం చెంగల్రాయుడు పకోడీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని రాణిగారి పరివారం పక్కన కూర్చున్నాడు. మేడ మీద నుంచి వ్యాఖ్యాన కేసరి గొంతు ఆయాసంగా వినిపించింది.

"వచ్చిందా?"

బొమ్మ అద్దంలా ఉంది. రాజు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. చెంగల్రాయుడు తీరిగ్గా పకోడీ కొరికి, ముప్పై ఏళ్ళ కసి అంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"రాలేదు! ఇంకా ఎడమకి!"