తవిటమ్మ అరచెయ్యి

మన తాతలకు తాతలు ఇంకా పుట్టని కాలం. అప్పట్లో ఏటి ఒడ్డున ఒక ఊరుండేదట. ఆ ఊళ్లో కూర్మయ్య అని ఒక వడ్రంగి.

ఊరి విత్తనాలు దాచడానికి కూర్మయ్య ఒక సాల కట్టాడు. రెండేళ్లకు చూరు పలకలు కుళ్లాయి. వాన లోపలికి దిగింది, విత్తనం బూజుపట్టింది. మళ్లీ కట్టాడు. మళ్లీ పలకలు కుళ్లాయి, మళ్లీ విత్తనం పోయింది. మూడోసారి కట్టేటప్పుడు ఊరు అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది కూర్మయ్యకి. ఈసారి కూడా విత్తనం పోతే ఊరు ఊరంతా వలసపోవాల్సిందే.

చెక్కకు రంగు పూసేది తవిటమ్మ. ముసలిది, ఒంటరిది. జీడి నూనెలో ఎర్రమన్ను కలిపి, ఈతమట్ట కొస నలగ్గొట్టిన కుంచెతో పూసేది. ఆ నూనె తగిలితే చెయ్యి పొక్కుతుంది. పొక్కి పొక్కి ఆమె అరచేతులు బీటలు వారాయి. బంతి భోజనాల్లో ఆ చేత్తో వడ్డిస్తే తినం అనేవారు జనం. పాపం, ఆమె దూరంగానే కూర్చునేది.

రెండుసార్లూ పలకలు బిగించాకే కూర్మయ్య ఆమెను పిలిచాడు. నిచ్చెనెక్కి, కనబడినంత మేర పూసి దిగింది. మూడోసారి పిలవకుండానే వచ్చింది.

"పలకలు పైకెత్తకు కూర్మయ్యా. నేల మీదుండగానే ముందూ ఎనకా కొసలూ పూసేస్తాను. మూడు రోజులియ్యి."

"మబ్బు పడతంది అప్పా. ఎనకేపు ఎవులు సూస్తారు?"

"వాన సూస్తాది."

"కొసలెవులు సూస్తారు?"

"సెద సూస్తాది."

"ముసల్దాని మాటిని పని ఆపీసేడని ఊరు నవ్వుతాది."

"రెండుసార్లు నవ్వించీసేవు గదా. మూడోది కూడా నీ ఇష్టమే."

కూర్మయ్య తల దించుకుని మూడు రోజులిచ్చాడు.

మొదటి రోజు ముందువైపు పూసింది. అరచెయ్యి పెట్టి చూసింది. ఎర్రగా అంటితే "ఆగు" అంది. అంటకపోతే "కానీ" అంది. రెండో రోజు కొసలు పూసింది. అరచెయ్యి పెట్టి చూసింది. "ఆగు" అంది, "కానీ" అంది. మూడో రోజు వెనకవైపు పూసింది. ఆరిన పలకను ఆరినట్టే కూర్మయ్య పైకెత్తి బిగించాడు.

సాయంత్రానికి ఒక్క పలక మిగిలింది. తవిటమ్మ ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. అయినా చెయ్యి పెట్టింది. పలక మీద అరచేతి అచ్చు పడింది.

"ఆగు. పొద్దున్న నానొచ్చి సూసినాక ఎత్తు."

ఏటికి అవతల ఉరుముతోంది. కూర్మయ్య చేతిలో మేకులున్నాయి. ఒక్క పలకే కదా అనిపించింది. ఆమె చేతుల వైపు చూశాడు. మేకులు మూట కట్టేశాడు.

పొద్దున్న తవిటమ్మ రాలేదు. కూర్మయ్యే వెళ్లాడు. ఆమె చాప మీద ప్రాణం పోయి పడి ఉంది. కుంచె శుభ్రంగా కడిగి గోడకు ఆనించి ఉంది.

ఆమెను సాగనంపి వచ్చి, పలక మీద తన అరచెయ్యి పెట్టి చూశాడు కూర్మయ్య. అంటలేదు. ఆ అచ్చు మీద మళ్లీ పూత వెయ్యమన్నారెవరో. అతను వెయ్యలేదు. అలాగే లోపలికి తిప్పి బిగించాడు. ఆ సాయంత్రమే వాన పడింది. విత్తనం తడవలేదు.

ఏళ్లు గడిచాయి. గాలివానలు వచ్చిపోయాయి. విత్తనం మాత్రం తడవలేదు. పెంకులు మార్చడానికి చూరు విప్పేసరికి కూర్మయ్య కూడా ముసలివాడయ్యాడు. పలకలు నిన్న చెక్కినట్టున్నాయి. ఆఖరి పలక వెనక అరచేతి అచ్చు బీటలతో సహా అలాగే ఉంది. చూసిన ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ చేతి వడ్డన వద్దన్న ఊరు ఇన్నేళ్లూ ఆ చేతి పుణ్యాన తిన్నది. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడకూడదు.

ఇప్పటికీ ఆ వైపు సాల కప్పేటప్పుడు పలకల వెనకవైపు నేల మీదే పూస్తారు. పైకెత్తే ముందు "తవిటమ్మ 'కానీ' అందా?" అని అడుగుతారు. కప్పు వేసిన రోజు భోజనాల్లో మొదటి ముద్ద పూత పూసిన మనిషే వడ్డించాలి. ఆ చేతులు ఎలా ఉన్నా సరే, అందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఆ ముద్ద కోసం ఆగుతారు.