నిప్పులవానలో వైద్యురాలు

ఆ ఆదివారం వకుళ నిబంధనల పుస్తకం చంకన పెట్టుకుని దానియేలు మాస్టారి ఇంటికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

మాస్టారు కాకినాడలో ఇరవై ఏళ్లు ఆ ఆట నడిపారు. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథ సాగించే ఆట. ఈమధ్యే, ఆటలో ఎవరికేమైందో తేల్చి చెప్పే తన కుర్చీ వకుళకు అప్పగించారు. ఆమెకు పుస్తకమంతా కంఠతా వచ్చు.

"నిన్నటి యుద్ధంలో మాంత్రికుడు నిప్పులవాన కురిపించాడు మాస్టారూ. వలయంలో ఉన్నవాళ్లందరికీ పూర్తి దెబ్బ అని ఒకచోట ఉంది. అడ్డు చాటున ఉంటే సగమే అని ఇంకోచోట ఉంది. హైమక్క ఆడేది వైద్యురాలి పాత్ర. గాయపడ్డ విలుకాడి మీద బోర్లా పడుకుంది. మనిషి ఒళ్లు అడ్డు కిందికి వస్తుందో రాదో పుస్తకంలో ఎక్కడా లేదు. రాదన్నాను. ఇద్దరూ చనిపోయారు."

"హైమ ఏమంది?"

"ఆరేళ్లుగా ఆడుతున్న పాత్ర కదా, లేచి వెళ్లిపోయింది. ఇక రానని కబురు పంపింది. నేను చెప్పింది తప్పా మాస్టారూ?"

ఆయన పుస్తకం అందుకుని ఎదురు కుర్చీ చూపించారు.

"నువ్వు హైమవి. నీ వంతు వచ్చింది. ఏం చేస్తావో చెప్పు."

వకుళ కూర్చుంది. "అతని మీద పడుకుంటాను. నిప్పేదో నా వీపు మీదే పడనీ."

మాస్టారు తల వంచి పేజీలు తిప్పసాగారు. ఒకచోట ఆగి వేలు పెట్టి చదివారు. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకు. వకుళకు ఆయన నడినెత్తి మీది తెల్లవెంట్రుకలే కనిపిస్తున్నాయి. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకా తిప్పుతూనే ఉన్నారు.

"రాదు," అన్నారు తలెత్తకుండానే. "ఇద్దరూ పోయారు. తర్వాత వంతు ఎవరిది?"

"మాస్టారూ..." వకుళ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్కసారి నా వైపు చూడండి."

అప్పుడు చూశారు. చాలాసేపు చూశారు. పుస్తకం ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు.

వకుళ అక్కడినుంచి నేరుగా హైమ ఇంటికి వెళ్లింది. హైమ తలుపు సగమే తెరిచి గడపలో నిలబడింది.

"అక్కా, నిప్పులవాన పడుతుంటే నువ్వేం చేశావు? నాకు మళ్లీ చెప్పవా?"

హైమ మెల్లగా చెప్పింది. విలుకాడి తల ఎలా తన కడుపులోకి దాచుకుందో, కళ్లు మూసుకోమని అతనితో ఏమందో, అన్నీ చెప్పింది. ఆ మాటలేవీ నిన్న వకుళ వినలేదు.

"అతనికి సగం దెబ్బే తగిలింది," అంది వకుళ. "బతికాడు."

"మరి నా వైద్యురాలు?"

"పోయిందక్కా."

హైమ కళ్లు తుడుచుకుంది. తలుపు పూర్తిగా తెరిచింది.

"అతను బతికాడు కదా," అంది. "లోపలికి రా."