వేడిగాలి దగ్గర ఆర్కిడ్

ఆర్కిడ్ మొగ్గలు ఏడు రాలిపోయాయి. ఎనిమిదోది కాడకే ఎండిపోయి, ముట్టుకుంటే పొడి అయింది. ఆ పొద్దున డెచెన్ ప్రార్థనకు వెళ్లలేదు.

సిక్కిం కొండల్లో, మంచు పడేంత ఎత్తున, ఆడవాళ్లు మాత్రమే ఉండే చిన్న బౌద్ధ ఆశ్రమం అది. డెచెన్ అక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు కింద లోయలో ఆమెకు ఒక ఇల్లుండేది, కెసాంగ్ అనే పదకొండేళ్ల కూతురుండేది. భర్త ఎప్పుడో పోయాడు. కిందటి చలికాలంలో పిల్లకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మూడు నెలలు మంచంలో ఉండి చనిపోయింది. డెచెన్ ఇల్లు మరిదికి అప్పజెప్పి, జుట్టు తీయించుకుని, కొండ మీదికి వచ్చేసింది.

వెంట తెచ్చుకున్నది ఆ ఆర్కిడ్ మొక్క ఒక్కటే. అడవిలో విరిగిపడిన కొమ్మ మీద కెసాంగ్‌కు దొరికింది. పిల్లే ఇంటికి తెచ్చి కుండీలో పెట్టుకుంది. తెల్లటి పూలు పూసేది, మధ్యలో పసుపు.

ఆశ్రమం కింది అంతస్తులో పెద్ద పొయ్యి ఉంది. అందులో కట్టెలు మండుతుంటే వేడిగాలి రేకు గొట్టాల్లోంచి పైకి వచ్చి, గది గోడలకు బిగించిన ఇనుప జాలీల్లోంచి లోపలికి కొడుతుంది. డెచెన్ గదిలో జాలీ కిటికీ పక్కనే ఉంది. చలి మొదలవగానే ఆమె కుండీని సరిగ్గా దాని ముందు పెట్టింది.

మొగ్గలు వేసినప్పుడు ఆశ్రమంలో అందరినీ పిలిచి చూపించింది. వారం తిరిగేసరికి అవి ఒక్కొక్కటే పసుపుబారి రాలడం మొదలుపెట్టాయి. ఆకులు ముడతలు పడ్డాయి. దాహమేమోనని రోజుకు రెండుసార్లు నీళ్లు పోసింది. చలేమోనని కుండీని జాలీకి ఇంకా దగ్గరగా జరిపింది. తన శాలువా తీసి చుట్టూ కప్పింది. చివరికి వేళ్లు కుళ్లిన వాసన వచ్చింది.

కుండీని ఒళ్లో పెట్టుకుని గురువమ్మ ముందు కూర్చుంది. ఆశ్రమానికి పెద్ద అయిన పెమా యాంగ్‌కీని అందరూ అలాగే పిలుస్తారు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు.

"నేనేం తక్కువ చేశాను గురువమ్మా? నేను పట్టుకున్నవన్నీ ఎందుకిలా పోతాయి?"

"ఎక్కడ పెట్టావు దీన్ని?"

"నా గదిలో, జాలీ ముందు. అక్కడైతే వెచ్చగా ఉంటుంది."

"పద, చూద్దాం."

గదిలోకి వచ్చి గురువమ్మ నేల మీద కూర్చుంది. కుండీ ఉన్న చోటే, జాలీకి మొహం పెట్టి.

"పొద్దున ప్రార్థనకు రాలేదు కదా. పుస్తకం తీసి చదువు. నేను వింటాను."

డెచెన్ చదవడం మొదలుపెట్టింది. గంట దాటేసరికి గురువమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. పెదవులు పొరలు లేచాయి. పొడి దగ్గు వచ్చింది.

"కొంచెం ఇటు జరగండి గురువమ్మా."

"ఎందుకు? వెచ్చగా ఉంటుందన్నావుగా. చదువు."

ఇంకా చాలా పేజీలు అయ్యాయి. ఈసారి వచ్చిన దగ్గు ఆగలేదు. కింది పెదవి చిట్లి సన్నగా రక్తం కనబడింది. డెచెన్ పుస్తకం పక్కన పడేసి, ఆవిడను రెండు చేతులతో పట్టుకుని అక్కణ్నుంచి లాగేసింది. కిటికీ తలుపు మంచుకు బిగుసుకుపోయి ఉంది. పిడికిలితో గుద్ది తెరిచింది. చల్లటి గాలి లోపలికి వచ్చింది. గురువమ్మ గుండెల నిండా పీల్చుకుంది.

డెచెన్ కిటికీ మీద వేసిన చెయ్యి తియ్యలేదు. వెనక్కి తిరగలేదు కూడా.

"కెసాంగ్ అడిగింది," అంది.

"ఏమని?"

"కిటికీ తియ్యమ్మా అని. మంచం పక్కనే బొగ్గుల కుంపటి పెట్టాను గురువమ్మా. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. ఊపిరాడట్లేదు, కాస్త తియ్యమ్మా అంది. చలి కొడుతుంది, వద్దన్నాను. చివరి రోజు కూడా వద్దనే అన్నాను."

గురువమ్మ లేచి కుండీని చేతుల్లోకి తీసుకుంది.

ఆ రోజే కుండీని మంచు పడని తూర్పు వరండాలోకి మార్చారు. అక్కడ గాలి ఆడుతుంది, ఎండ పలచగా పడుతుంది. కుళ్లిన వేళ్లను గురువమ్మే కత్తిరించింది. మొక్క మొదలు దగ్గర ఒక చిన్న బుడిపె ఇంకా పచ్చగానే ఉంది. డెచెన్ పూటపూటకూ వెళ్లి చూసుకునేది. తొమ్మిదో రోజున అది కూడా మెత్తబడి నల్లగా అయిపోయింది.

గురువమ్మ ఆ వరండాలోనే చాప మీద కూర్చుని చేటలో బార్లీ గింజలు ఏరుతోంది. డెచెన్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ముందే మార్చి ఉంటే బతికేదా?"

"బతికేదేమో."

"మరి నా బిడ్డ?"

గురువమ్మ చేట కింద పెట్టింది. డెచెన్ మొహంలోకి చూసింది.

"నాకు తెలియదు."

"ఎవరిని అడగను?"

"ఎవరికీ తెలియదు తల్లీ."

డెచెన్ అలాగే నిలబడిపోయింది. బిడ్డ పోయిన రోజు నుంచీ ఆమెకు ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాలేదు.

గురువమ్మ చాప మీద ఒక పక్కకు జరిగింది. ఖాళీ అయిన చోట పడిన గింజలను చేత్తో తుడిచింది.

"జవాబు లేదు. చోటుంది. కూర్చో."

డెచెన్ కూర్చుంది.