ఎడమ పక్క బ్రేకు

నేను ఇంతవరకు ఏమీ రాయలేదు. అయిదో తరగతి దాకా చదివినాను. ఆ తర్వాత రాసిందంటే షెడ్డులో సామాన్ల చీటీలే. నట్లు ఇన్ని, బోల్టులు ఇన్ని, గ్రీజు ఒక డబ్బా. మా ఉస్తాదు గురించి ఎవరన్నా అడిగితే నోటితో చెప్పడం నాకు చేతకాదు. నలుగురిలో మాట పెగలదు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ఉస్తాదు పేరు హుసేనప్ప. బేతంచెర్ల దాటినాక నాపరాయి గనులకు పోయే దారిలో ఆయన షెడ్డు. గనుల్లో పైమన్ను తోసే పాత చైను ట్రాక్టర్లు, అంటే చక్రాలకు బదులు ఇనప పట్టాల మీద నడిచేవి, చెడిపోతే ఆయన దగ్గరికే వస్తాయి. కొత్త బండ్లకు కంపెనీ మనుషులు జీపులో వస్తారు. పాతవాటికి ఆయన తప్ప దిక్కు లేదు.

నేను షెడ్డు ఊడ్చడానికి చేరినాను. తర్వాత సామాన్లు కిరసనాయిల్లో కడిగే పని ఇచ్చినాడు. ఆయన చేతులు వణకడం మొదలైనాక ఒకరోజు, "మద్దిలేటమ్మా, ఆ పానా నువ్వు పట్టు" అన్నాడు. అట్లా పదకొండేండ్లు. ఆయన చెప్తాడు, నేను చేస్తాను. చెప్పడం కూడా తక్కువే.

పదకొండో యేడు ఎండాకాలం నాకు అలుపు వచ్చింది. రోజూ వచ్చే అలుపు కాదు. పొద్దున లేస్తే కుడి భుజం పైకి లేచేది కాదు. కొప్పు ముడుచుకోవాలంటే మోకాళ్ల దాకా తల వంచుకోవాల్సి వచ్చేది. పడుకుంటే నిద్రలో కూడా నట్లు తిప్పుతున్నట్టే ఉండేది. దానికి తోడు మనసులో ఒక మాట తిరుగుతుండేది. గోడ కట్టినోడు గోడ చూపిస్తాడు. రవికె కుట్టినామె రవికె చూపిస్తుంది. నేను చేసిందంతా ఇనప మూత కిందికి పోతుంది. నేనేం చూపించాలి?

అప్పుడే సుంకన్న తన బండి తెచ్చినాడు. ఆ బండికి నాకంటే వయసెక్కువ. ఒకప్పుడు పసుపురంగు అంట. ఇప్పుడు ఏ రంగూ కాదు.

"ఉస్తాదూ, ఎడమకు తిప్పితే మా అత్త మాదిరి మొగం తిప్పుకుంటాది. ఎంత తొక్కినా తిరగదు" అన్నాడు సుంకన్న.

"మీ అత్తను గూడా నలభై ఏండ్లు ఎండలో తోలింటే ఆమె మాత్రం తిరుగుతాదా?" అన్నాడు ఉస్తాదు.

సుంకన్న నవ్వినాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నవ్వులాట కాదులే. మొన్న దిగుడులో పోయినంత పనైంది. రాయి అడ్డం పడి నిలబడినా" అన్నాడు.

తెలియనోళ్లకు ఇది కాస్త చెప్పాలి. ఈ బండికి గుండ్రటి స్టీరింగు ఉండదు. రెండు కడ్డీలు, రెండు పెడళ్లు. ఎడమ కడ్డీ లాగితే ఎడమ పట్టాకు ఇంజను బలం తెగిపోతుంది. అప్పుడు ఎడమ పెడలు తొక్కితే ఆ పట్టా నిలబడుతుంది, కుడిది నడుస్తుంది, బండి ఎడమకు తిరుగుతుంది. చదునులో బ్రేకు పట్టకపోతే బండి తిరగదు, అంతే. దిగుడులో అట్లా కాదు. బలం తెగిన పట్టా ఊరికే జారుతుంది, బండి ఎడమకు పోవాల్సింది కుడికి పోతుంది. సుంకన్న రోజూ దిగే దారికి కుడిపక్కనే గని. నలభై అడుగుల లోతు.

మూత తీసి చూసినాము. లోపల నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు పోయింది. డ్రమ్ము చుట్టూ ఉండే బ్రేకు పట్టీ, దాని లోపలివైపు డ్రమ్మును పట్టి ఆపే లైనింగుతో సహా, నూనెలో నానిపోయి ఉంది.

"సీలు మార్చు. పట్టీకి కొత్త లైనింగు వెయ్యి" అన్నాడు ఉస్తాదు. ఆ మధ్యాహ్నమే కండ్లు చూపించుకోడానికి నంద్యాల పోయినాడు. రెండు రోజులకు గానీ రాడు.

సీలు మార్చాలంటే ముందు పట్టా విప్పాలి. తర్వాత పక్క గేరు పెట్టెను చైను కప్పీతో లేపి బయటికి లాగాలి. పట్టా ముక్కలను కలిపే పిన్ను మీద సమ్మెట వేసినాను. ఇరవై దెబ్బలు. కదల్లేదు. ఇంకో ఇరవై వేసినాను. భుజంలో ఏదో కలుక్కుమంది. సమ్మెట కింద పెట్టి పట్టా మీదే కూర్చున్నాను. రేకుల కింద ఎండ వేడి. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

మర్నాడు పొద్దున, పట్టా విప్పకుండా, బ్రేకు పట్టీని పైనుంచే ఊడదీసి పెట్రోలుతో కడిగినాను. మంట చిమ్మే బ్లో ల్యాంపుతో కాల్చినాను. ఎండలో పెట్టినాను. తెల్లగా, కొత్తదాని మాదిరి అయింది. మళ్లీ డ్రమ్ముకు చుట్టి, నట్టు బిగించి, మూత పెట్టినాను.

లైనింగు నూనె తాగినాక కడిగితే పైపైనే పోతుంది. బండి నడిచి వేడెక్కితే లోపలి నూనె చెమట మాదిరి బయటికి వస్తుంది. ఇది నాకు తెలుసు. తెలిసే చేసినాను. రాయడానికే కష్టంగా ఉంది.

సాయంత్రం నాలుగింటికి సుంకన్న వచ్చినాడు. చేతిలో సంచి నిండా వేరుశెనక్కాయలు. "మా చేలోవి. ఇంట్లో ఆమె ఉస్తాదుకని పంపింది" అని బల్ల మీద పెట్టినాడు. తర్వాత బండి చుట్టూ తిరిగినాడు.

"అయిందా అక్కా? గనిలో మేనేజరు నా నెత్తిన కూర్చున్నాడు."

"అయింది" అన్నాను. "పొద్దున్నే వచ్చి తోలుకుపో."

"నీ చెయ్యి పడితే నాకు బయం లేదక్కా" అనేసి పోయినాడు.

తిరిగి చూస్తే ఉస్తాదు షెడ్డు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పినదానికంటే ఒకరోజు ముందే, అప్పుడే బస్సు దిగి వచ్చినాడు. కండ్లకు మందు వేసి నల్లద్దాలు పెట్టినారు. కొత్త లైనింగు చుట్ట మేకుకు అట్లే వేలాడుతోంది. దాన్ని దాచాలని కూడా నాకు తోచలేదు. ఆయన చూసినాడో లేదో ఆ నల్లద్దాల్లో తెలీలేదు.

కుండలో నీళ్లు ముంచి ఇచ్చినాను. ఆయన తాగినాడు. ఆయన ఏమన్నా అడుగుతాడేమోనని నేనే ముందు అడిగినాను. పదకొండేండ్లలో నేనుగా ఏమీ అడిగింది లేదు.

"ఉస్తాదూ, ఇంత కష్టపడి చేస్తాము. మూత బిగిస్తాము. లోపల ఏముందో ఎవురు చూస్తారు?"

ఆయన చెంబు కింద పెట్టినాడు. చాట తీసుకుని కాయలన్నీ అందులో పోసుకున్నాడు.

"బండి స్టార్టు చెయ్యి" అన్నాడు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బ్రేకు ఎవరు కట్టినారో వాళ్లే మొదట షెడ్డు వెనకాల దిగుడులో బండి తిప్పి చూడాలి. డ్రైవరు అయినా, ఓనరు అయినా అంతవరకు సీటు ఎక్కకూడదు. దిగుడు కింద ఎడమకు తిరిగి, చుట్టూ ఎక్కి మళ్లీ పైకి రావాలి. ఎప్పుడూ ఉస్తాదు పైనే నిలబడి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని చప్పుడు వింటాడు.

ఆరోజు ఆయన చాట పట్టుకుని కిందికి పోయినాడు. ఒక్కో అడుగు తడుముకుంటూ పోయినాడు. బండి తిరిగే చోట, కుడిపక్కన, గోతం పరుచుకున్నాడు. నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

నేను సీటులోనుంచి కేకేసినాను. "ఉస్తాదూ, ఆడ వద్దు!"

"ఎందుకు? నువ్వు ఎడమకే కదా తిరిగేది" అన్నాడు. కాయ ఒకటి చిట్లించినాడు. "ఇవన్నీ ఒలిచేదాకా తిప్పుతా ఉండు."

దిగినాను. ఎడమ కడ్డీ లాగి పెడలు తొక్కినాను. బ్రేకు పట్టింది. బండి చక్కగా ఎడమకు తిరిగింది. చుట్టూ ఎక్కి మళ్లీ వచ్చినాను. రెండోసారి కూడా పట్టింది. మూడోసారి కూడా. పట్టుతుందిలే అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాదులే అనుకున్నాను. సుంకన్న కూడా ఇట్లే రోజూ తిప్పుకుంటాడులే అని కూడా అనుకున్నాను.

తిరిగినప్పుడల్లా పట్టా ఆయనకు రెండు బారల దూరంలో పోతోంది. దుమ్ము ఆయన మీద పడుతోంది. ఆయన తల తిప్పలేదు. పొట్టు ఊదుకుంటున్నాడు.

నాలుగోసారి పెడలు బొటనవేలంత ఎక్కువ కిందికి పోయింది. అయిదోసారి ఇంకాస్త పోయింది. తిరిగింది గానీ తిరిగే ముందు బండి ఒక క్షణం ఆలోచించుకున్నట్టు అనిపించింది. ఆ క్షణం ఎటువైపు తూగిందో నా నడుముకు తెలిసింది.

మళ్లీ పైకి వచ్చి నిలబడినాను. కాలిన నూనె వాసన. ఇంజను నడుస్తూనే ఉంది.

పైనుంచి చూస్తే ఆయన వీపు కనిపిస్తోంది. చొక్కా చెమటకు అంటుకుపోయింది. మెడ దగ్గర చినిగితే ఆయనే కుట్టుకున్నట్టున్నాడు, వణికే చేత్తో వేసిన కుట్లు వంకర టింకరగా ఉన్నాయి. చాటలో కాయలు సగానికి పైనే ఉన్నాయి.

ఈసారి కూడా పట్టేదేమో. నాకిప్పటికీ తెలీదు.

ఇంజను ఆపేసినాను.

అంత చప్పుడు తర్వాత అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. కాయ చిట్లే చప్పుడు పైదాకా వినిపించింది.

"ఇంకా కాయలున్నాయే" అన్నాడు వెనక్కి చూడకుండానే.

దిగి ఆయన దగ్గరికి నడిచిపోయినాను. ఎదురుగా పోయి నిలబడలేక వెనకాలే నిలబడినాను.

"సీలు మార్చలేదు ఉస్తాదూ. పట్టీ కడిగి పెట్టినా. పిన్ను రాలేదు. భుజం..."

ఎడమ చేత్తో భుజం పట్టుకున్నాను.

ఆయన పక్కకు జరిగి గోతం మీద చోటిచ్చినాడు. నేను కూర్చున్నాక, ఒలిచిన గింజలు నా అరచేతిలో పోసినాడు. ఆయన చెయ్యి వణికి నాలుగు గింజలు కింద పడినాయి. అవి కూడా ఏరి నాకే ఇచ్చినాడు.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"లేదు."

"తిను."

తిన్నాను. ఆయన ఇంకో కాయ చిట్లించినాడు.

"అలిసినోళ్లు పని ఆపొచ్చు మద్దిలేటమ్మా" అన్నాడు. "అయిందని మాత్రం చెప్పగూడదు."

కాయలన్నీ అయ్యేదాకా ఇద్దరం అక్కడే కూర్చుని ఒలుచుకున్నాము.

తెల్లారి సుంకన్న తానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, క్యారియరు పట్టుకుని వచ్చినాడు. మేనేజరు కూడా మోటారు సైకిలు మీద వెనకాలే వచ్చినాడు. ఇంకా ఇద్దరు డ్రైవర్లు టీ తాగుతూ షెడ్డు ముందర నిలబడి ఉన్నారు. ఉస్తాదు లోపల మంచం మీద పడుకుని కండ్లలో మందు వేసుకుంటున్నాడు. లేచి రాలేదు.

"తోలుకుపోదునా అక్కా?" అన్నాడు సుంకన్న.

నలుగురు మగవాళ్లు నా వైపే చూస్తున్నారు. కొంగు చేతికి చుట్టుకున్నాను, మళ్లీ విప్పినాను.

"కాలేదు" అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది, గట్టిగానే వచ్చింది. "నిన్న అయిందన్నది అబద్ధం. ఇంకా రెండు దినాలు పడుతుంది. నా భుజం లేవడం లేదు సుంకన్నా. పట్టా పిన్ను మీద సమ్మెట నువ్వు వెయ్యాలి."

మేనేజరు ఏదో అనబోయినాడు. నేను వినడానికి నిలబడలేదు. పానా తీసుకుని పోయి బండి మీదికెక్కి, మూతకు మొదటి బోల్టు విప్పినాను.