పడవలో పుట్టిందా?

గుల్లపేట రేవులో పడవ నడిపే జోగులుకి, ఎవరేం చెప్పబోయినా సగంలోనే “తెలుసులే” అని అడ్డుపడే అలవాటు ఉండేది. ముప్పై ఏళ్లుగా రోజూ అదే ఏరు దాటిస్తున్నాడు. ఇంక కొత్తగా వినాల్సింది ఏముంటుందని అతని ధీమా.

ఒక ఏడు పెద్ద వరద వచ్చి తీసింది. వరదకి కట్టేసిన పడవ ఇంకా విప్పకముందే, నాలుగో రోజు ఉదయం ఊళ్లో నూకరత్నానికి నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పు. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. అత్తగారు ఆమెను నడిపించుకుంటూ రేవుకు తెచ్చింది. జోగులు వెంటనే పడవ విప్పాడు.

ఏటి ఒడ్డున రొయ్యలు పడుతున్న పైడమ్మ అది చూసింది. ఆమె ఒకప్పుడు మంత్రసాని. ఆసుపత్రి వచ్చాక పురుళ్లు పోయడం మానేసి రొయ్యల మీద బతికేది.

“ఒరే జోగులూ, ఆగు! తాటిచెట్ల ఎదురుగా ఉన్న సుడి...”

“తెలుసులే అత్తా! పక్కనుంచే పోతాను.”

“అది కాదురా...”

“అన్నీ తెలుసు!” అని జోగులు తెడ్డు వేశాడు.

నడి ఏట్లో పడవ గర్రుమని ఆగిపోయింది. నీళ్ల కింద ఇసుక మేట. జోగులు గడ వేసి తోశాడు. దిగి భుజం పెట్టాడు. పడవ కదల్లేదు. ఊరికి ఉన్నది అదొక్కటే పడవ. నూకరత్నం అరుపులు రెండు ఒడ్డులకీ వినిపించాయి.

“ఇదేనా నీకు తెలిసింది?” అని అత్తగారు ఏడ్చింది.

పైడమ్మ చీర ఎగ్గట్టి ఏట్లో దిగింది. ఎక్కడ మేట ఉందో, ఎక్కడ లోతుందో ఆమె కాళ్లకు తెలుసు. ఒకచోట నీళ్లు మెడదాకా వచ్చాయి. అయినా ఆగకుండా పడవ చేరుకుంది.

“నీ పంచె ఇలా ఇచ్చి, అటు తిరిగి కూర్చో,” అంది జోగులుతో.

గంటకి ఆ పడవలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం.

“అత్తా, ఇందాక ఏం చెప్పబోయావు?” అని జోగులు మెల్లగా అడిగాడు.

“సుడి పోయింది, పక్క దారి మేట వేసింది, తిన్నగా పొమ్మని,” అంది పైడమ్మ బిడ్డను తుడుస్తూ. ఆమె తిట్టినా బాగుండేదని జోగులుకి అనిపించింది.

ఆ తర్వాత చిన్నపిల్లలు చెప్పినా తెడ్డు ఆపి వినేవాడు. ఊరు మాత్రం మరిచిపోలేదు. ఇప్పటికీ అక్కడ ఎవరైనా మాట మధ్యలో “తెలుసులే” అంటే, “పడవలో పుట్టిందా?” అని అడుగుతారు. కొత్తవాళ్లు తెల్లబోతారు. పుట్టింది మగపిల్లాడని కొందరూ, పడవ నడిపింది జోగులు కాదు, వాళ్ల నాన్నని కొందరూ అంటారు. నీతి విషయంలో మాత్రం ఎవరికీ తేడా లేదు: ఎంత అనుభవం ఉన్నవాడైనా ఎదుటివారి మాట చివరిదాకా వినాలి.